చెప్పినోళ్ళకే దొరకని వాంగ్మూలం

(అమీర్‌పేటలో జరిగిన గ్రామ కార్యకర్తల సమావేశంలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

 

ఈ హాలు కింద ఉన్న గల్లీ నాకు ఇరవై ఏళ్ళకు పైగా తెలుసు. డీఎస్సీ కోచింగ్ కోసం ఊరి నుంచి వచ్చి, ఇక్కడే ఒక్క గదిలో ఆరుగురం ఉన్నాం. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. మా నాయన వేలిముద్ర మనిషి. కాగితమంటే మా ఇంట్లో భయం. కాగితం పట్టుకొని ఎవరన్నా వాడలోకి వచ్చారంటే, మా దగ్గర ఏదో తీసుకుపోవడానికే వచ్చారని లెక్క. చదువుకుంటే ఆ భయం పోతుందనుకున్నాను. పోలేదు. ఎందుకు పోలేదో చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

పొద్దున మీలో చాలామంది పంజాగుట్ట చౌరస్తాలో బాబాసాహెబ్‌కు దండం పెట్టి వచ్చారు. 2019 ఏప్రిల్‌లో, సరిగ్గా జయంతి ముందు, అక్కడ పెట్టిన విగ్రహాన్ని తీసేసి చెత్త డంపింగ్ యార్డుకు తరలించిన సంగతి మీకు గుర్తుంది. మనవాళ్ళు రోడ్డెక్కారు, ఏళ్ళ తరబడి అడిగారు. విగ్రహం కంటికి కనపడేది. పోతే పోయిందని తెలుస్తుంది. కానీ మనం చెప్పిన మాట కాగితం మీదికెక్కి, ఆ కాగితం ఏదో ఆఫీసు బీరువాలోకి పోతే, అది పోయిందని కూడా మనకు తెలియదు. ఇవాళ నేను మాట్లాడేది ఆ బీరువాల గురించి.

పదకొండు మంది మాటలు

2010 వానాకాలం. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చి మా మండలంలోనే పనిచేస్తున్నాను. మా వాడలో నాకు చిన్నమ్మ వరసయ్యే ఒకామె మూడు మైక్రో ఫైనాన్స్ కంపెనీల్లో గ్రూపు అప్పు తీసుకుంది. ఒకదాని కిస్తీ కట్టడానికి ఇంకొకదాంట్లో తీసుకున్నది. వారం వారం కిస్తీ. కూలి దొరికిన వారం కట్టింది, దొరకని వారం ఆగింది. అప్పుడు గ్రూపు ఆడవాళ్ళనే తెచ్చి ఆమె గడప ముందు కూర్చోబెట్టారు. పొయ్యి వెలిగించనియ్యలేదు. కూర్చోబెట్టింది కంపెనీ మనిషి. కూర్చున్నది మాత్రం మన వాడోళ్ళే. ఒకరి కిస్తీ ఆగితే అందరి అప్పూ ఆగుతుందని వాళ్ళ భయం వాళ్ళది.

రెండో రోజు రాత్రి ఆమె పురుగుమందు తాగింది. జీపు మాట్లాడుకొని హైదరాబాద్ తెచ్చాం. పంజాగుట్టలో ఆసుపత్రి ముందరి ఫుట్‌పాత్ మీద ఆమె పెనిమిటి, నేను తెల్లవార్లూ కూర్చున్నాం. ఆమె బతకలేదు.

నెల తిరగకముందే విచారణ అని కొందరు ఊరికి వచ్చారు. ఎవరు పంపితే వచ్చారో నేను గట్టిగా అడగలేదు. అది నా మొదటి తప్పు. పదకొండు మంది ఆడవాళ్ళు మాట్లాడారు. కొందరు ఆ గడప ముందు కూర్చున్నవాళ్ళే, ఏడ్చుకుంటూ చెప్పారు. వచ్చినవాళ్ళకు మా మాట సరిగ్గా అందక, "మాస్టారూ, మీరు రాసిపెడతారా" అన్నారు. రాశాను. ఒక్కొక్కటి చదివి వినిపించాను. వేలిముద్రలు పడ్డాయి. "ఇదంతా కాన్ఫిడెన్షియల్. మీ పేర్లు బయటికి పోవు" అని మాటిచ్చారు.

ఒక ముసలవ్వ అడిగింది: "మాకొక కాయితం ఇయ్యరా బిడ్డా?"

"రహస్యం కదా అవ్వా, ఇయ్యగూడదు" అని ఆమెకు సర్దిచెప్పింది వాళ్ళు కాదు, నేను. చదువుకున్నోణ్ణి కదా! అది నా రెండో తప్పు.

రెండు నెలలు కాలేదు. వసూలు మనిషి ఒకడు వాడకు వచ్చి ఒకామెను నిలబెట్టి అడిగాడు: "సారు ముందట నా గురించి ఏం జెప్పినవో నాకు తెల్వదనుకున్నవా?" ఆమె ఏం చెప్పిందో పొల్లుపోకుండా ఆమెకే ఒప్పజెప్పాడు. ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ మాట్లాడదు.

తర్వాత మా బాబాయి నష్టపరిహారం కోసం దావా వేద్దామన్నాడు. ఇదే అమీర్‌పేటలో, మెట్ల కింద చిన్న గదిలో ఒక వకీలు దగ్గరికి పోయాం. "సాక్ష్యమేది?" అన్నాడాయన. పదకొండు మంది చెప్పిన కాగితాలున్నాయన్నాం. తెమ్మన్నాడు. నేను మూడుసార్లు అర్జీ రాశాను. మూడోదానికి ఒక్క లైను జవాబు వచ్చింది: అవి గోప్యమైనవి కనుక ఇవ్వడం కుదరదు.

నా చేతిరాతతో ఉన్న కాగితం నాకు రహస్యం! చెప్పిన ఆడవాళ్ళకు రహస్యం. చచ్చిపోయినామె పెనిమిటికి రహస్యం. ఎవరి గురించి చెప్పారో వాడికి మాత్రం రహస్యం కాదు. ఆ కాగితం కోసం తిరుగుతూ తిరుగుతూ రెండేళ్ళు దాటించాం. అది నా మూడో తప్పు, అన్నింటికన్నా పెద్దది. దాని సంగతి చివర చెప్తాను.

బేగంపేటలో ఏం జరిగింది

ఇది మా ఒక్క వాడ కథ అయితే ఇంత దూరం మిమ్మల్ని పిలిచేవాళ్ళం కాదు. 2006లోనే కృష్ణా జిల్లాలో ఈ కంపెనీల వసూళ్ళ మీద గొడవ లేచి, అధికారులు బ్రాంచీలు మూయించారు. నాలుగేళ్ళు తిరిగేసరికి అదే రాష్ట్రమంతా పాకింది. అప్పటికి దేశంలో పెద్ద మైక్రో ఫైనాన్స్ కంపెనీ ఎస్‌కేఎస్. దాని హెడ్డాఫీసు ఇక్కడికి పక్కనే, బేగంపేటలో ఉండేది. 2010 ఆగస్టులో దాని షేర్లు స్టాకు మార్కెట్‌లోకి వచ్చాయి. 1,600 కోట్ల రూపాయలకు పైగా పోగైంది. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ కంపెనీల మీద ఆర్డినెన్సు తెచ్చింది. ఎందుకంటే పల్లెల్లో చావులు. ఆ ఏడాది చివరి నెలల్లో 200 మందికి పైగా అప్పుల పాలైన పేదలు ప్రాణం తీసుకున్నారని, పత్రికల వార్తలను కూర్చి ప్రభుత్వమే లెక్క చెప్పింది. కంపెనీలు మాకేం సంబంధం లేదన్నాయి.

తర్వాత 2012 ఫిబ్రవరిలో అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తాసంస్థ ఒక సంగతి బయటపెట్టింది. ఎస్‌కేఎస్ కంపెనీ తానే డబ్బిచ్చి బయటివాళ్ళతో ఒక విచారణ చేయించిందట. కనీసం ఏడు చావులకు కంపెనీ ఉద్యోగులతో సంబంధం ఉందని అందులో తేలిందట. కంపెనీల సంఘం చేయించిన రెండో విచారణ తీర్పేమీ చెప్పలేదు గానీ, ఇంకో రెండు ఘటనల్లో ఎస్‌కేఎస్ పాత్రను చూపించింది. చచ్చిపోయినవాళ్ళ ఇంటివాళ్ళు మాట్లాడిన వీడియోలు కూడా ఉన్నాయి. ఇంటి ముందు ధర్నా కూర్చోబెట్టడం, తోటి ఆడవాళ్ళతోనే తిట్టించడం, ఉన్నది కుదువ పెట్టించడం, అన్నీ వాటిలో ఉన్నాయి. కంపెనీ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. ఆ రెండు నివేదికలూ అప్పటికి ప్రజల ముందుకు రానేలేదు.

ఒక్క నిమిషం ఆలోచించండి. ఆ ఇళ్ళలోవాళ్ళు తమ ఇంటి చావు గురించి, తమ నోటితో చెప్పారు. ఆ మాట బేగంపేట దాకా వచ్చింది. విలేకరి చేతికి చిక్కితే తప్ప వెనక్కి పోలేదు. మనం అడగాల్సిన ప్రశ్న ఇదే: మాట ఎవరిది? కాగితం ఎవరిది?

ఇంకో సంగతి. 2009లో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడ్డప్పుడు, చంచల్‌గూడ జైల్లో ఉన్న రామలింగరాజు వాంగ్మూలం తీసుకోవడానికి సెబీ సుప్రీంకోర్టు దాకా పోయి అనుమతి తెచ్చుకుంది. మంచిదే. పెద్దమనుషుల మాట రికార్డు చేయడానికి అంత కష్టపడే వ్యవస్థ, మన వాడ మాటను రాసుకొని మనకే లేదంటుంది.

మూడు తాళాలు

కాన్ఫిడెన్షియల్ అనే మాట వినగానే మనం తలవంచుకొని వచ్చేస్తాం. అది చట్టం అనుకుంటాం. చాలాసార్లు అది ఒక తాళం మాత్రమే. ఏ తాళం ఎవరు వేశారో తెలిస్తే, ఏ చెవి పట్టుకుపోవాలో తెలుస్తుంది.

మొదటిది కంపెనీ తాళం. కంపెనీ తాను చేయించుకున్న విచారణ కాగితం మీద కాన్ఫిడెన్షియల్ అని ముద్ర వేసుకుంటే అది వాళ్ళ ఇంటి నియమం. కోర్టు దానికి కట్టుబడి ఉండదు. తన వకీలుతో మాట్లాడుకున్న మాటలకు, సలహాకు మాత్రం చట్టంలో రక్షణ ఉంది. దాన్ని అడ్డం పెట్టుకొని, ఊళ్ళో జనం చెప్పిన మాటలను కూడా వకీలు ఫైలులో కలిపి దాచాలని చూస్తారు. అది గమనించాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 11 అని ఉంది. దావాకు సంబంధించి నీ దగ్గరున్న కాగితాలేవో ప్రమాణం చేసి చెప్పు, వాటిని చూపించు అని అవతలి పక్షాన్ని ఆదేశించమని దాని కింద కోర్టును అడగొచ్చు. కాగితం దావాలో లేని మూడో మనిషి దగ్గరుంటే, ఆర్డర్ 16 కింద సమన్లు పంపించి తెప్పించొచ్చు. అయితే ఉన్న కాగితాలన్నీ ఇప్పించండి అంటే జడ్జి ఒప్పుకోడు. ఫలానా ఊళ్ళో, ఫలానా నెలలో, ఫలానా చావు మీద తీసుకున్న వాంగ్మూలాలు అని గుర్తులు చెప్పాలి. అవి లేకపోతే నా దావా ఎందుకు నిలవదో చెప్పాలి.

రెండోది సర్కారు తాళం. ప్రభుత్వ రహస్యం, ప్రజాప్రయోజనం దృష్ట్యా ఇవ్వలేం అంటారు. పాత సాక్ష్య చట్టంలో 123, 124 సెక్షన్లు ఉండేవి. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అవే 129, 130 అయినాయి. కానీ అధికారి రహస్యం అన్నంత మాత్రాన రహస్యం అయిపోదు. 1975లో రాజ్ నారాయణ్ కేసులో ప్రధానమంత్రి పర్యటనల భద్రత నియమాల పుస్తకం మీదనే తగాదా వచ్చింది. ప్రభుత్వ పనులు తెలుసుకునే హక్కు జనానికి ఉందని, దాచాలా వద్దా అన్నది చివరకు తేల్చేది కోర్టేనని సుప్రీంకోర్టు అప్పుడే చెప్పింది. మన దగ్గరే చూడండి. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసుల చేతిలో చనిపోయారు. దాని మీద సిర్పూర్కర్ కమిషన్ విచారణ చేసింది. నివేదికను సీల్డు కవరులోనే ఉంచమని రాష్ట్రం అడిగితే, 2022 మేలో సుప్రీంకోర్టు కాదని, రెండు పక్షాలకూ ఇప్పించి, కేసును తెలంగాణ హైకోర్టుకు పంపింది. సీల్డు కవరు తెరుచుకుంటుంది. ఎవరో ఒకరు అడగాలి.

మూడోది పెత్తనం చేసే సంస్థల తాళం. అంటే రిజర్వు బ్యాంకు, సెబీ లాంటివి. ఇప్పుడు మనకు ముఖ్యమైనది ఇదే. ఎందుకంటే రిజర్వు బ్యాంకులో నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022 మేలో నెడుంపిల్లి కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఆ దారిలోనే 2023లో తెలంగాణ హైకోర్టు మన మైక్రో ఫైనాన్స్ చట్టం వాటికి వర్తించదన్నది. అంటే ఒకప్పుడు జిల్లాలో అడిగే అధికారి ఉండేవాడు, ఇప్పుడు అంతా రిజర్వు బ్యాంకు చేతిలోకి పోయింది. తనిఖీ వాళ్ళదే, కాగితమూ వాళ్ళదే.

ఆ బ్యాంకు ఏళ్ళ తరబడి ఏమన్నదంటే, తనిఖీలో తెలిసినవి బ్యాంకులు మమ్మల్ని నమ్మి చెప్పినవి, బయటపెట్టం అన్నది. 2015 డిసెంబరు 16న జయంతీలాల్ మిస్త్రీ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. రిజర్వు బ్యాంకు కాపాడాల్సింది జనం ప్రయోజనాన్ని గానీ బ్యాంకుల లాభాన్ని కాదు, సమాచార హక్కు కింద తనిఖీ నివేదికలు ఇవ్వాల్సిందే అన్నది. అయితే మీకు అబద్ధం చెప్పను. ఆ పోరాటం అక్కడితో ముగియలేదు. ఖాతాదార్ల వ్యక్తిగత గోప్యత సంగతి ఆ తీర్పులో తూచలేదని బ్యాంకులు మళ్ళీ కోర్టుకెక్కితే, వాళ్ళ పిటిషన్లు వింటామని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 2025 నవంబరులో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పేరుతో సమాచార హక్కులోని 8(1)(జె)ని కూడా బిగించారు. అయినా సెక్షన్ 8(2) మిగిలే ఉంది. దాచడం వల్ల కలిగే మేలు కన్నా చెప్పడం వల్ల ప్రజలకు కలిగే మేలు ఎక్కువైతే ఇవ్వొచ్చని అది చెప్తుంది. మన దరఖాస్తులో ఆ సెక్షన్ పేరు రాయకుండా ఉండొద్దు.

ఇంకొక తీర్పు చూడండి. 2022 ఫిబ్రవరి 18న తకానో కేసులో సుప్రీంకోర్టు సెబీకి చెప్పింది: నోటీసు ఇచ్చిన మనిషికి విచారణ నివేదిక చూపించాలి, మూడో మనిషికి హాని చేసే భాగాలుంటే వాటిని మాత్రం దాచుకో, మొత్తం దాచొద్దు. న్యాయమైన మాట. కానీ ఆ హక్కు ఎవరికి దొరికింది? తప్పు చేశాడని నోటీసు అందుకున్నవాడికి. నష్టపోయినవాడి సంగతి? అక్కడ మనం నిలబడి అడగాలి. నింద పడ్డవాడికి కాగితం చూసే హక్కుంటే, ఆలిని పోగొట్టుకున్నవాడికి ఎందుకుండదు?

మరి చెప్పినవాళ్ళ సంగతి?

ఇక్కడ మనలోనే ఒక మాట వస్తుంది. అన్నీ బయటపెట్టాలి, మనకు రహస్యమేంటి అని మన కార్యకర్తలే అంటారు. నేను ఒప్పుకోను. నాతో మాట్లాడని ఆ అక్క ముఖం నాకు గుర్తొస్తుంది. ఆమెకు మాటిచ్చాం. ఆ మాట నిలబడలేదు. రేపు ఇంకో విచారణ వస్తే మా వాడలో నోరు తెరిచేవాళ్ళు ఎవరు?

రహస్యం అనేది బలహీనుడి కోసం పుట్టింది. నాలుగు ఎకరాలున్నోడి పొలంలో కూలికి పోయే ఆడమనిషి, అతని బామ్మర్ది మీద సాక్ష్యం చెప్పాలంటే ఆమె పేరు దాచాల్సిందే. చట్టానికి కూడా ఇది తెలుసు. విచారణ కమిషన్ ముందు చెప్పిన మాటను చెప్పిన మనిషి మీదే కేసులో వాడగూడదని 1952 నాటి కమిషన్ల చట్టం ఆరో సెక్షన్ అంటుంది. ప్రాణానికి ముప్పు తెచ్చే సమాచారం, నమ్మి చెప్పిన మనిషిని పట్టిచ్చే సమాచారం ఇవ్వనక్కర లేదని సమాచార హక్కు చట్టం 8(1)(జి) అంటుంది. ఆ గొడుగు పట్టింది చెప్పినోళ్ళ కోసం. కంపెనీవాడు దాని కింద దూరి, చెప్పినోళ్ళను వానలోకి నెట్టాడు. మన తగాదా గొడుగుతో కాదు, దాని కింద దూరినవాడితో.

కాబట్టి కోర్టులో మనం అడగాల్సింది ఇది: ముందు జడ్జి తాను చూడాలి. చెప్పినవాళ్ళ పేరు, ఇంటి గుర్తులు కొట్టేసి మిగతాది ఇవ్వాలి. ఈ దావా పనికి తప్ప ఇంకెక్కడా వాడమని మన నుంచి హామీ తీసుకోవాలి. ఒకరు నా పేరుతోనే ఇవ్వండి అంటే అది వాళ్ళ ఇష్టం. వాళ్ళను అడగకుండా మనం నిర్ణయించొద్దు. దావా మనదైనా మాట వాళ్ళది.

ఇంకొకటి కూడా చెప్పాలి. కష్టంగా ఉన్నా చెప్పాలి. ఆ వసూలు మనిషి ఎవడనుకున్నారు? పక్క మండలం పిల్లగాడు. మనోడే. డిగ్రీ చదివి, నాలాగే ఈ అమీర్‌పేటలో కోచింగ్ తీసుకొని, ఉద్యోగం రాక అక్కడ చేరాడు. నెల టార్గెట్ కట్టకపోతే వాడి జీతంలో కోత. విచారణ జరిగినప్పుడు కంపెనీలు ఏమంటాయి? కింది ఉద్యోగి అతి చేశాడు అంటాయి. వాంగ్మూలాల్లో కనపడేది గడప ముందుకొచ్చినవాడి పేరే, టార్గెట్ పెట్టినవాడు ఆ వాడ ఏనాడూ చూడలేదు. అందుకే వాంగ్మూలాలు ఒక్కటే అడిగితే మన పిల్లగాడు జైలుకు పోతాడు, పైనున్నవాడు షేర్లు అమ్ముకొని పోతాడు. వాంగ్మూలాలతో పాటు వసూలు టార్గెట్ల సర్క్యులర్లు, విచారణ నివేదిక ఎవరెవరి బల్ల మీదికి పోయిందో ఆ కాగితాలు కూడా అడగాలి. తెలిసి దాచింది ఎవరో అక్కడ తేలుతుంది.

నా మూడో తప్పు

ఇప్పుడు ఆ మూడో తప్పుకు వస్తాను. ఒకరి తప్పుడు పని వల్ల మనిషి చనిపోతే, ఇంటివాళ్ళు నష్టపరిహారం అడగడానికి 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం ఉంది. ఆ దావాకు గడువు చనిపోయిన రోజు నుంచి రెండేళ్ళు. లిమిటేషన్ చట్టంలో 82వ ఆర్టికల్. రెండేళ్ళు దాటితే తలుపు మూసుకుంటుంది.

లెక్క చూడండి. 2010 చివర్లో చావులు. కంపెనీ విచారణ సంగతి పత్రికల్లోకి వచ్చింది 2012 ఫిబ్రవరిలో. అంటే సగానికి పైగా గడువు అప్పటికే అయిపోయింది. రహస్యం ఊరికే కూర్చోదు, గడువును తింటూ కూర్చుంటుంది. బీరువాకు తాళం వేసినవాడు సాక్ష్యం కాల్చనక్కర లేదు, తారీఖు దాటేదాకా కూర్చుంటే చాలు.

చట్టంలో ఒక సందు ఉంది. లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్. హక్కు రుజువు చేయడానికి అవసరమైన కాగితాన్ని అవతలివాడు మోసంతో దాస్తే, ఆ కాగితాన్ని తెచ్చుకునే దారి మనకు మొదట దొరికిన రోజు నుంచే గడువు మొదలవుతుంది. కానీ మోసంతో దాచాడని మనమే రుజువు చేయాలి. వాళ్ళ వకీలు ఏమంటాడు? "కాగితం ఉందని నీకు మొదటి రోజే తెలుసు కదా. కోర్టుకొచ్చి తెప్పించుకోవచ్చు కదా" అంటాడు. మా విషయంలో ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మా వకీలు అదే చెప్పి ఫైలు మూసి మా బాబాయి చేతికిచ్చాడు.

మేం చేసిందేమిటి? కాగితం దొరికాక దావా వేద్దామనుకున్నాం. చేయాల్సింది తలకిందులు. ముందు దావా వేయాలి, తర్వాత కాగితం అడగాలి. అర్జీకి నో చెప్పే అధికారి, కోర్టు సమన్లకు నో చెప్పాలంటే కారణం రాయాలి, జడ్జి ముందు నిలబడాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే ఇవాళ మీరు ఇంత దూరం వచ్చినదానికి ఫలితం ఉన్నట్టే.

డబ్బులేవి సారూ అంటారు. కోర్టు ఫీజు కట్టలేనివాళ్ళు ఆర్డర్ 33 కింద పేదవాడిగా దావా వేయొచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు ఆదాయం ఎంతన్నది చూడకుండా ఉచిత వకీలును ఇవ్వాలి. ఇది దయ కాదు, హక్కు.

ఊరికి పోయి చేయాల్సినవి

వాడలోకి ఎవరు విచారణకు వచ్చినా ముందు అడగండి: ఎవరు పంపారు, ఏ ఉత్తర్వు మీద వచ్చారు, ఈ కాగితం ఎక్కడికి పోతుంది, ఎవరెవరు చూస్తారు. జవాబు నోట్‌బుక్కులో రాసి, తారీఖు వేసి, వచ్చినవాళ్ళ సంతకం తీసుకోండి.

చదివి వినిపించకుండా వేలిముద్ర వేయొద్దు. అత్యాచారాల నిరోధక చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, మన ఫిర్యాదు రాసుకున్న అధికారి సంతకం ముందు చదివి వినిపించాలి, నకలు ఇవ్వాలి. ఆ చట్టం కింద కాని విచారణలో కూడా అదే పద్ధతి కావాలని అడగండి. ఇవ్వమంటే, ఇవ్వమన్నారని రాసిపెట్టుకోండి.

ఆ రోజే, ఆ మనిషి చెప్పిన మాటను మనం వేరుగా రాసి, ఇద్దరు సాక్షుల ముందు మన దగ్గర పెట్టుకుందాం. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఫోను ఉంది. చెప్పేవాళ్ళు ఒప్పుకుంటే రికార్డు చేయండి. దాన్ని గ్రూపుల్లో పంపొద్దు. పంపితే మనమే ఆ వసూలు మనిషి పని చేసినట్టు.

చావు జరిగిన తారీఖు గోడ మీద రాయండి. దాని కింద రెండేళ్ళ తర్వాతి తారీఖు రాయండి. ఆ లోపల దావా పడాలి. సమాచార హక్కు దరఖాస్తు పక్కన నడుస్తూ ఉంటుంది, దాని జవాబు కోసం దావా ఆపొద్దు.

మిత్రులారా! పోయిన నెల ఊరికి పోయినప్పుడు ఆ ముసలవ్వ కనపడింది. చూపు మందగించింది. నా గొంతు గుర్తుపట్టి, "ఏం బిడ్డా, గా కాయితం ఇచ్చిండ్రా?" అని అడిగింది. ఇన్నేళ్ళు అయినా ఆమె మరిచిపోలేదు. ఆమెకు సెక్షన్లు తెలియవు. తను చెప్పిన మాట నకలు తనకు కావాలని మాత్రం, డిగ్రీ చదివిన నాకన్నా ముందే తెలుసు.

"ఇయ్యలేదవ్వా" అన్నాను.

"మల్ల అడుగు" అన్నది.

అడుగుదాం. అందరం కలిసి అడుగుదాం. జై భీమ్!